మూడేండ్ల బిడ్డకు టై ఎందుకు?



మీ ఇంట మూడేండ్ల బిడ్డ యున్నయెడల, జూన్ నెల రాకముందే ఇరుగుపొరుగువారు మిమ్మును అడుగుదురు: "బాబును ఎక్కడ వేస్తున్నారు?" ఆదివారము ఆరాధన ముగిసి, వాకిట చెప్పులు తొడుగుకొనుచున్నప్పుడు సయితము ఇదే మాట. ఇంకను ఎక్కడను వేయలేదని చెప్పుటకు మీకు సిగ్గగును. ఆ సిగ్గువలన మనము చేయుచున్న తప్పును గూర్చియే నేను వ్రాయుచున్నాను. నా మాట కఠినముగా తోచినయెడల క్షమించుడి.

ఒక ఉదయము నేను బస్సుకొరకు రోడ్డుప్రక్కన నిలిచియుండగా పసుపుపచ్చని బడి వ్యాను వచ్చి ఆగెను. ఒక తల్లి నిద్రమత్తు వదలని బిడ్డను చంకనెత్తుకొని పరుగున వచ్చెను. వాని మెడకు టై, నడుమునకు బెల్టు, కాళ్లకు బూట్లు. తినిన ఇడ్లీముక్క ఇంకను బుగ్గలోనే యున్నది. "రేపు పోతానే అమ్మా" అని వాడు ఏడ్చుచుండెను. "ఏడవకు నాన్నా, ఇంగ్లీషు వస్తుంది" అని ఆమె చెప్పుచుండెను. ఆమె కండ్లలోను నీళ్లు నిలిచినవి. ఆ తల్లిని నేను నిందింపను. కలుపుకూలి డబ్బు కూడబెట్టి ఆమె ఆ ఫీజు కట్టియుండవచ్చును. ఆమె ప్రేమలో లోపము లేదు. ఆమెకు అమ్మిన సరుకులోనే లోపమున్నది.

ఆ సరుకేమి? చేతులు కట్టుకొని బల్లమీద కదలక కూర్చుండుట, తెలియని భాషలో పాటలు వల్లించుట, పుటల కొలది అక్షరములు దిద్దుట. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలున్నవి. మూడేండ్ల బిడ్డకు వాటిలో అనేకము ఇంకను గట్టిపడని మృదులాస్థిగానే యుండును. అట్టి చేతికి పెన్సిలిచ్చి, "గీత వంకర పోయినది" అని కొట్టువారిని ఏమనవలెను? మొలక త్వరగా పెరుగవలెనని నారుమడిలో మొక్కలను పైకి లాగు రైతు మీలో ఎవడైన ఉన్నాడా?

"ఇప్పుడు వేయకపోతే వెనుకబడిపోడా?" అని మీరడుగుదురు. ఈ భయము మీకెవరు పెట్టిరో విచారించుడి. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఆరేండ్లు మొదలుకొని పదునాలుగేండ్ల వరకు గల బిడ్డలకు వర్తించును. ఒకటవ తరగతికి ఆరేండ్లు నిండవలెనని 2020 జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. అంతకు ముందు మూడేండ్లు ఆటపాటలతో, సాధ్యమైనంతవరకు ఇంటి భాషలో గడువవలెననియు అదే చెప్పుచున్నది. తొందర బిడ్డకు లేదు, చట్టమునకు లేదు. మరి ఫీజు వసూలు చేయువానికి గాక ఎవరికున్నది?

అయితే బిడ్డను ఇంటనే ఉంచుకొందుమందురా? అదియు నేను ఒప్పుకొనను. నాట్ల దినములలో తల్లి పొలమునకు పోయినయెడల బిడ్డను చూచునదెవరు? ఎనిమిదేండ్ల అక్క. తమ్ముని చంకనెత్తుకొని ఆమె వాకిట కూర్చుండును. బడిలో ఆమె చోటు ఖాళీగా నుండును. ఒక బిడ్డను ఇంట నుంచితిమని తలంచి ఇద్దరిని పోగొట్టుకొనుచున్నాము.

ఈ కష్టమును ముందుగా గుర్తించినవారున్నారు. 1945లో తారాబాయి మోదక్ అను విద్యావేత్త అనూతాయి వాఘ్‌తో కూడ మహారాష్ట్రలోని బోర్డీ గ్రామములో బీదల బిడ్డలకొరకు పని ప్రారంభించెను. పిల్లలు బాలవాడికి రాకపోగా, వారు బాలవాడినే పిల్లల ముంగిళ్లకు తీసికొనిపోయిరి. గింజలు, ఆకులు, గులకరాళ్లే వారి పాఠ్యవస్తువులు. తరువాత కోస్‌బాడ్‌లో శిశుశాలను, బాలవాడిని, ప్రాథమిక పాఠశాలను ఒక్క ఆవరణలో నడిపిరి. అంగన్‌వాడీ అనగా ముంగిటి తోట. ఆ పేరుతోనే 1975 అక్టోబరు 2న దేశములో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి పథకము మొదలైనది.

అది నేడు మీ వీధి చివర నున్నది. మూడేండ్లు మొదలుకొని ఆరేండ్ల వరకు గల బిడ్డకు అక్కడ వేడి అన్నము, ఆట, పాట, కథ, బరువు చూచుట కలవు. ఫీజు లేదు, వ్యాను లేదు. మరి ఎందుకు పంపరు? "అది బీదవాళ్ల బడి" అందురు. సోదరులారా, మనమెప్పుడు ధనవంతులమైతిమి?

"టీచరమ్మ రిజిస్టర్లు వ్రాసికొనుచుండును, ఆడించదు, కొన్ని దినములు తాళమే యుండును" అని మీరనవచ్చును. కొన్నిచోట్ల అది నిజమే. ఆమె తలపై సర్వేల భారము ఎక్కువ. కాని నోరుగల తలిదండ్రులందరు తమ బిడ్డలను వ్యాను ఎక్కించినప్పుడు, ఆ తాళమును గూర్చి అడుగువారెవరు? మీ బిడ్డ అక్కడ కూర్చుండిననాడే తలుపు వేళకు తెరువబడును. వారమునకొక పూట ఒక అవ్వ పోయి కథ చెప్పినయెడల, స్త్రీల సమాజమువారు ఒక చాపయు, కొన్ని బొమ్మలును ఇచ్చినయెడల, ఆ టీచరమ్మ ఎంత సంతోషించును!

ఒకవేళ మీ ఊరి అంగన్‌వాడీ నిజముగా నడువక, వేరొక బడికే పంపవలసివచ్చినయెడల, ముందు మీరే పోయి ఒక గంట కూర్చుండి చూడుడి. పిల్లలు లేచి తిరుగుచున్నారా? నవ్వుచున్నారా? వారితో తెలుగులో మాటలాడుచున్నారా? పాయిదొడ్డి శుభ్రముగా నున్నదా? బెత్తము కనబడినయెడల వెంటనే తిరిగి రండి. టై చూచి, రంగుల గోడ చూచి మోసపోకుడి.

బిడ్డ దేవుడు మనచేతికి అప్పగించిన వరము, పొరుగువానికి చూపుకొను నగ కాదు. వాని పసితనము ఒక్కసారియే వచ్చును. అప్పుచేసి కట్టిన ఫీజు మరల సంపాదింపవచ్చును. ఏడ్చుచు వ్యానులో గడచిన ఉదయములను తిరిగి కొనలేము. కాబట్టి వచ్చు సోమవారము ఉదయము బిడ్డ చేయి పట్టుకొని, వీధి చివరనున్న ఆ గది వరకు నడచిపోవుడి. తలుపు తెరచియున్నయెడల లోనికి పోయి కూర్చుండుడి. మూసియున్నయెడల, అది తెరువబడువరకు అడుగుడి.