ఆస్కార్ రాకున్నా ఆడిన 'లయన్'

అవార్డు సినిమా ఆడదని మన క్యాంపుల్లో పాత వాదనే. ఈ వారం మేము ఒక ఆస్ట్రేలియా సినిమా లెక్క చెబుతాం. అయిదేళ్లప్పుడు రైల్లో నిద్రపోయి కలకత్తాలో తేలిన ఖండ్వా పిల్లాడు, టాస్మానియాలో పెరిగి, కంప్యూటర్లో మ్యాపు చూస్తూ తన ఊరు కనుక్కున్న నిజం కథ 'లయన్' (2016). 2017లో 6 ఆస్కార్ నామినేషన్లు, గెలిచింది సున్నా. అయితేనేం, 1.2 కోట్ల అమెరికా డాలర్లతో తీస్తే ప్రపంచమంతటా సుమారు 14 కోట్లు వసూలైంది! అదే, 2009లో కాన్స్‌లో తొలి సినిమా బహుమతి గెలిచిన 'శాంసన్ అండ్ డెలైలా'కు ఇక్కడ వచ్చింది 30 లక్షల పైచిలుకు ఆస్ట్రేలియా డాలర్లే. ఎడారి ఆదివాసీ పిల్లల కథ, మాటలు తక్కువ. మాకైతే అదీ నచ్చింది. కానీ 'లయన్'లో, కొడుకొస్తాడని 25 ఏళ్లు ఆ పేట వదలని తల్లి కనబడగానే మా గదిలో అందరూ ఫోన్లు వెతుక్కున్నారు. ఇండియాలో అప్పటికి తెల్లారనేలేదు.