మైనస్‌ 20లో సెల్ఫు కొడితే...

డిసెంబరు వచ్చిందంటే చాలు, పేరుకున్న కొబ్బరినూనె సీసాని పొద్దున్నే ఎండలో పెట్టడం మన ఇళ్లలో మామూలే. నూనె కరిగేదాకా పిల్లల జడలు ఆగుతాయి, అంతే. అదే పేరుకోవడం లారీ ఇంజిన్‌లో జరిగితే?

ద్రాస్‌లో రాత్రి బండి ఆపి పడుకున్న డ్రైవరుకి తెల్లారేసరికి ఎదురయ్యే సమస్య ఇదే. లద్దాఖ్‌లోని ఆ ఊళ్లో నడిచలికాలంలో ఉష్ణోగ్రత మైనస్‌ 20 డిగ్రీలకన్నా కిందికి పోతుంది. సెల్ఫు కొడితే ఇంజిన్‌ మూలుగుతుందే తప్ప తిరగదు. ఛాంబరులో ఆయిలు ఆముదంకన్నా చిక్కగా పట్టేసి ఉంటుంది. బ్యాటరీ శక్తీ చలికి దాదాపు సగం తగ్గిపోతుంది. అప్పుడు కొందరు చేసే పని... పేలికల్ని డీజిలులో ముంచి ఛాంబరు కింద మంట పెట్టడం! 1941 చలికాలంలో మాస్కో దగ్గర జర్మన్‌ సైనికులూ తమ ట్యాంకుల కింద ఇలాగే మంటలు పెట్టుకున్నారు. ఎనభై ఏళ్లు దాటినా కిటుకు మారలేదు. వైర్లు, రబ్బరు పైపులు, ఆయిలు జిడ్డు... మంట కాస్త పైకి లేచిందంటే బండీ లోడూ రెండూ బూడిదే. ఆ భయమున్నవాళ్లు రాత్రంతా ఇంజిన్‌ ఆపకుండా ఉంచుతారు. డీజిలు ఖర్చు సంగతి అలా ఉంచితే, మూసిన క్యాబిన్‌లోకి పొగ చేరితే నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఈ తిప్పల్లో చాలావరకు ఆయిలు డబ్బా కొనేటప్పుడే తప్పించుకోవచ్చు.

మామూలు ఇంజిన్‌ ఆయిలు ముడిచమురు నుంచి వస్తుంది. ఎంత శుద్ధి చేసినా అందులో కాస్త మైనం మిగులుతుంది. చలికి ఆ మైనం పలుకులు కట్టి ఆయిలుని కదలనివ్వదు. సింథటిక్‌ ఆయిలుని రసాయన పద్ధతుల్లో తయారుచేస్తారు కాబట్టి మైనం దాదాపు ఉండదు. అందుకే గడ్డు చలిలోనూ పారుతుంది. అలా పారడం ఎందుకంత ముఖ్యమంటే... ఇంజిన్‌ అంటుకున్నాక ఆయిలు పైకి ఎక్కి బేరింగులకీ, టర్బోకీ అందేదాకా ఇనుము ఇనుముతో రాసుకుంటూనే ఉంటుంది. ఆ కొద్ది సెకన్లు రోజూ పెరిగితే ఇంజిన్‌ ముందే బోరుకొస్తుంది.

ఇక డబ్బామీద అంకెలు. 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40 అని ఉంటాయి కదా. డబ్ల్యూ అంటే వెయిట్‌ అనుకునేవాళ్లున్నారు. కాదు, వింటర్‌... చలికాలం! దానికి ముందున్న అంకె ఎంత చిన్నదైతే ఆయిలు అంత చలిని తట్టుకుంటుంది. 15డబ్ల్యూ ఆయిలు మైనస్‌ 20 దగ్గర ఇంజిన్‌ని తిరగనిస్తుందా, మైనస్‌ 25 దగ్గర పంపుకి అందుతుందా అని పరీక్షిస్తారు. 10డబ్ల్యూకి అవి మైనస్‌ 25, 30. 5డబ్ల్యూకి మైనస్‌ 30, 35. ఇవి ఆఖరి హద్దులు. బ్యాటరీ కాస్త పాతదైతే ఆ హద్దుదాకా వెళ్లకపోవడమే మేలు.

చివరి 40 అనేది ఇంజిన్‌ వేడెక్కాక ఉండే చిక్కదనం. కాబట్టి ‘5డబ్ల్యూ పల్చటిది, మన ఎండలకి ఆగదు’ అన్న అనుమానం అక్కర్లేదు. వేడిమీద రెండు ఆయిళ్లదీ ఒకటే తరగతి.

‘సింథటిక్‌ పోసెయ్యన్నా, ఇక చూసుకోనక్కర్లేదు’ అంటాడు షాపువాడు. అక్కడే ఆగి అంకె చూడాలి. సింథటిక్‌ అని రాసి ఉన్నా 15డబ్ల్యూ అయితే ద్రాస్‌ చలికి దాన్ని నమ్ముకోలేం. పైగా పెద్ద లారీ ఇంజిన్‌కి పదిహేను, ఇరవై లీటర్లు పడుతుంది. సింథటిక్‌ ధరేమో మామూలుదానికన్నా బాగా ఎక్కువ. ఆపిల్‌ లోడు కోసం హైదరాబాద్‌ నుంచి శ్రీనగర్‌ వెళ్లొచ్చే బండికి ఆ ఖర్చు దండగ. అక్కడ జనవరి రాత్రులు సాధారణంగా సున్నాకి కాస్త దిగువనే ఉంటాయి. మంచి 15డబ్ల్యూ-40 సరిపోతుంది. జోజిలా దాటి కార్గిల్‌, లేహ్‌ వైపు వెళ్లి అక్కడే రాత్రుళ్లు ఆగే బండ్ల లెక్క వేరు. 2020 అక్టోబరులో అటల్‌ సొరంగం తెరిచాక చలికాలంలోనూ లాహౌల్‌ దాకా లారీలు వెళ్తున్నాయి. అలాంటి బండ్లకి ఒక్కసారి ఇంజిన్‌ విప్పే ఖర్చుతో పోలిస్తే 5డబ్ల్యూ-40 సింథటిక్‌ చవకే.

అంకె కుదిరితే చాలదు. బండి పుస్తకంలో ఏ తరగతి ఆయిలు అడిగారో అదీ ఉండాలి. 2020 ఏప్రిల్‌ నుంచి వచ్చిన బీఎస్‌-6 బండ్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. వాటికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పొయ్యాలి. సాధారణంగా సీకే-4 అని రాసి ఉంటుంది. పాత తరగతి ఆయిలు పోస్తే ఫిల్టరు పూడుకుపోతుంది.

ఆయిలు మార్చడం కొండ ఎక్కకముందే పూర్తికావాలి. మసి కలిసిన పాత ఆయిలు ఇంకా చిక్కబడుతుంది. దారిలో తగ్గితే మామూలుది కలపొచ్చా అంటే, అదే తరగతిదైతే ఇంజిన్‌కి ప్రమాదం లేదుగానీ చలిని తట్టుకునే గుణం తగ్గుతుంది. ఆయిలు సరే, టాంకులో డీజిలూ చలికి జావలా పేరుకుంటుంది. అందుకే 2019 నవంబరులో ఇండియన్‌ ఆయిల్‌ సంస్థ లద్దాఖ్‌కి మైనస్‌ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిలుని తెచ్చింది. కింది బంకుల్లో నింపుకొచ్చిన డీజిలుతో పైన రాత్రి ఆగితే, ఛాంబరులో ఎంత ఖరీదైన ఆయిలు ఉన్నా పొద్దున్న బండి కదలదు.