కంట్లో పురుగు.. మాత్ర కంటే ముందు స్కాన్ ఎందుకు? మూసీ పక్కనున్న మలక్‌పేట వాసులు తెలుసుకోవాల్సిన విషయాలు

హైదరాబాద్: కంట్లోంచి బతికున్న పురుగును డాక్టర్లు బయటకు లాగుతున్న వీడియో ఏదో ఒకరోజు మీ వాట్సాప్‌కి వచ్చే ఉంటుంది. చూడగానే ఒళ్లు జలదరిస్తుంది. ఆ వెంటనే చాలామంది అడిగే ప్రశ్న ఒకటే.. "నులిపురుగుల మాత్ర వేసుకుంటే సరిపోదా?" సరిపోదు సరికదా, కొన్ని కేసుల్లో ఆ మాత్ర వల్లే చూపు పోయే ప్రమాదం ఉంది.

వీడియోల్లో కనిపించే పురుగు ఏంటి?

మన దేశంలో ఇలాంటి కేసులు కేరళ, కోస్తా కర్ణాటక నుంచి ఎక్కువగా రిపోర్ట్ అయ్యాయి. దారం లాంటి ఈ పురుగు పేరు డైరోఫైలేరియా రిపెన్స్. ఇది అసలు కుక్కల్లో ఉండే పురుగు. కుక్కను కుట్టిన దోమ మనిషిని కుడితే దీని లార్వా మన ఒంట్లోకి వస్తుంది. సాధారణంగా మనిషిలో ఇది సంతానాన్ని పెంచుకోలేదు. తెల్లగుడ్డు మీదున్న పలుచటి పొర కింద కదులుతుంటే డాక్టర్లు చిన్న సర్జరీతో తీసేస్తారు. చాలా కేసుల్లో సమస్య అక్కడితో తీరిపోతుంది. చూడ్డానికే భయం తప్ప, ముప్పు తక్కువ.

అసలు ముప్పు పైకి కనిపించనిది

మన దేశంలో డాక్టర్లను ఎక్కువగా కంగారు పెట్టేది సిస్టిసర్కోసిస్. పంది బద్దెపురుగు పిల్ల దశలో కంట్లోనో, మెదడులోనో చిన్న నీటితిత్తిలా స్థిరపడటమే ఈ జబ్బు.

"మేం పంది మాంసం ముట్టం, మాకెందుకు వస్తుంది?" అనుకుంటే పొరపాటే. సరిగా ఉడకని పంది మాంసం తిన్నవాళ్లకు పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు వాళ్ల మలంతో బయటకొచ్చి, కలుషిత నీళ్లు, కడగని ఆకుకూరలు, శుభ్రం లేని చేతుల ద్వారా ఇంకొకరి నోట్లోకి వెళ్తాయి. పేగుల్లో ఆ గుడ్లలోంచి బయటికొచ్చిన లార్వాలు రక్తంలో కలిసి కంటికి చేరతాయి. అందుకే పూర్తి శాకాహారులకూ ఈ జబ్బు వస్తుంది.

మూసీతో లింకేంటి?

చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ బ్రిడ్జిల మీదుగా రోజూ వెళ్లేవాళ్లకు మూసీలో పారేదేంటో చెప్పక్కర్లేదు. ఆ నీళ్లు దిగువకు వెళ్లాక వాటితోనే గడ్డి, ఆకుకూరలు పండిస్తారు. శుద్ధి చేయని మురుగు నీటితో సాగు చేసే హైదరాబాద్ కుటుంబాల్లో పేగు పురుగుల ముప్పు ఎక్కువని 2008లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అది చెప్పింది కొంకిపురుగు లాంటి వాటి గురించి, కంటి పురుగుల గురించి కాదు. కానీ రెండింటికీ మూలం ఒకటే.. మనుషుల మలం కలిసిన నీళ్లు, మట్టి. బజార్‌లో కొత్తిమీర కట్ట కొనేటప్పుడు అది ఏ నీళ్లతో పండిందో మనకు తెలియదు. పురుగు గుడ్లు కంటికి కనిపించవు కూడా.

మాత్రతో ప్రమాదం ఎందుకు?

పురుగు బతికున్నప్పటి కంటే చచ్చేటప్పుడే కంటికి ఎక్కువ హాని జరగొచ్చు. చచ్చిన పురుగు చుట్టూ వాపు వస్తుంది. తిత్తి కంటి కండరంలో ఉంటే డాక్టర్లు ఆల్బెండజోల్‌తో పాటు స్టెరాయిడ్ ఇచ్చి ఆ వాపును అదుపు చేస్తారు. కనుగుడ్డు లోపలే ఉంటే మాత్రం సాధారణంగా సర్జరీ చేసి తీయాల్సిందే. ఎక్కడుందో చూడకుండా మాత్ర మింగితే, లోపలి వాపుతో చూపు దెబ్బతినొచ్చు. అందుకే ముందు కంటి అల్ట్రాసౌండ్, అవసరమైతే సీటీ లేదా ఎంఆర్ఐ చేస్తారు. మెదడులోనూ తిత్తులు ఉన్నాయేమో చూస్తారు.

ఈ పాఠం కొత్తదేం కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్ 1947లో డైఇథైల్ కార్బమజైన్ మందును తెచ్చింది. బోదకాలుకు అది నేటికీ వాడే మందు. అదే మందును ఆఫ్రికాలోని రివర్ బ్లైండ్‌నెస్ రోగులకు ఇస్తే, చచ్చే పురుగుల వల్ల కంట్లో వాపు పెరిగి చూపు మరింత దెబ్బతినే ప్రమాదం కనిపించింది. తర్వాత దాని స్థానంలోకి ఐవర్‌మెక్టిన్ వచ్చింది. ఆ మందును కనిపెట్టిన విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురాలకు 2015లో నోబెల్ దక్కింది.

మరి స్కూల్లో ఇచ్చే మాత్ర?

అది ఆపొద్దు. 1-19 ఏళ్ల వాళ్లకు ఫిబ్రవరి 10న ఇచ్చే డోసు పేగుల్లోని నులిపురుగుల కోసం. పిల్లలకు అది అవసరం. అయితే పిల్లాడికి కంటి వాపో, ఫిట్సో ఉంటే మాత్ర వేసేముందు టీచర్‌కి, డాక్టర్‌కి చెప్పండి.

ఈ లక్షణాలుంటే ఆలస్యం చేయొద్దు:

- ఒకే కన్ను మళ్లీమళ్లీ ఎర్రబడటం, వాచిపోవడం
- ఒక వస్తువు రెండుగా కనిపించడం, కన్ను తిప్పితే నొప్పి
- ఉన్నట్టుండి రెప్ప వాలిపోవడం
- చూపు మసకబారడం, కంట్లో ఏదో కదిలినట్టు అనిపించడం

మెడికల్ షాపులో చుక్కలు కొనుక్కుని వారాలు గడపొద్దు. మెహదీపట్నంలోని సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, అక్కడికి వెళ్లొచ్చు. ఇక ఇంట్లో ఆకుకూరల్ని ధారగా పారే నీళ్లలో ఒక్కో ఆకూ విడదీసి కడగాలి, బాగా ఉడికించాలి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, క్యారెట్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. వంటకు ముందు, టాయిలెట్ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇవన్నీ మనం చేసుకోగలిగినవి. మురుగును శుద్ధి చేశాకే మూసీలోకి వదలడం మాత్రం ప్రభుత్వం చేయాల్సిన పని. అది పూర్తయ్యేదాకా ఈ ముప్పుకు మూలం మన పక్కనే ఉంటుంది.