చూపిన వేళ, ఉన్న వేళ

2020వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన ధరణి వెలసినది మొదలు తెలంగాణమున వ్యవసాయభూముల రిజిస్ట్రేషను తహసీల్దారు కచేరీలకు చేరినది. 2025 ఏప్రిల్ 14వ తేదీన దాని స్థానమున భూభారతి వచ్చినది. పేరు మారినను పద్ధతి మారలేదు. రైతు ముందుగా అంతర్జాలమున స్లాటు, అనగా తేదీని వేళను, కుదుర్చుకొని కచేరీకి పోవలెను. వాకిట పడిగాపులు తప్పించు నీ పద్ధతిని మేము మెచ్చుకొందుము. కాని తెరపై ఖాళీగా కానవచ్చు వేళ నిజముగా ఖాళీయైననే దీనికి సార్థకత.

గంభీరావుపేట మండలమునే తీసికొందము. నర్మాల రైతొకడు ఎకరము భూమి యమ్మదలచినా డనుకొనుడు. అమ్మువాడు, కొనువాడు, ఇద్దరు సాక్షులు, ఈ నలుగురి దినమును ఆ యొక్క వేళకు ముడిపడియుండును. తహసీల్దారునకు రిజిస్ట్రేషనొక్కటియే పని గాదు. ఎన్నికలు, పంటనష్టపు విచారణలు, జిల్లా కేంద్రమగు సిరిసిల్లలో సమావేశములు ఆయనను పిలుచుచునే యుండును. పిలిచినచో పోవుట తప్పు గాదు. పోవలసియున్నదని యెరిగియు పట్టికను దిద్దకుండుటయే తప్పు. పట్టిక నమ్మరానిదైన చోట "సారెప్పుడుందురో నాకు తెలియు" నను దళారి పుట్టును. నలుగురికి తెలియవలసిన మాట ఒక్కనికే తెలిసినప్పుడు దానికి ధర యేర్పడును. ఆ ధర చెల్లించువాడు పేదరైతు.

గ్రహగతులతో గణితము సరిపడనప్పుడు దృగ్గణిత సిద్ధాంతులు పంచాంగమునే దిద్దిరి గాని ఆకాశమును దూషింపలేదు. కచేరీ పట్టికకును అదే న్యాయము.

కావున మేము కోరునది స్వల్పము. సమావేశమో, సెలవో, పర్యటనమో నిశ్చయమైన గడియలోనే ఆ వేళలను మూసివేయవలెను. అంతకుముందే కుదుర్చుకొన్నవారికి ఇల్లు కదలకముందే ఫోను సందేశ మందవలెను. బదులు అధికారి యున్నచో ఆ సంగతియు తెలుపవలెను. చూపిన వేళ లెన్ని, జరిపిన వేళ లెన్ని యను లెక్కను వారమున కొకమారు కచేరీ తలుపున నంటింపవలెను.

ప్రజలకును బాధ్యత గలదు. రాలేనివారు తమ స్లాటును వెంటనే వదలుకొనవలెను. దానిని పట్టియుంచుట సాటి రైతు దినమును దొంగిలించుటయే.

తెరపై నుంచిన వేళ ప్రభుత్వ మిచ్చిన మాట. రైతు దానిని నమ్మియే యా దినమున నాగలి విప్పి వచ్చుచున్నాడు.