ఫ్లైట్ దిగినంక డబ్బిస్తామంటే, ఎక్కేదెట్ల?



పోస్టు పొడుగ్గా ఉంటది, ముందే చెప్తున్నాం. డిగ్రీ అయినంక విదేశాల్లో ఎంబీఏ గానీ, మేనేజ్‌మెంట్ పీజీ గానీ చెయ్యాలనుకునేటోళ్లు ఓపిక పట్టి మొత్తం చదవండి. మిగతా వాళ్లు స్కాలర్‌షిప్ డబ్బు గురించి రాసిన భాగం అన్నా చదవండి, ఎందుకంటే అక్కడ మీ సంతకం కావాలి.

మేం బన్సీలాల్‌పేట్‌లో హాస్టల్ పిల్లలం. పోయినేడు మా సీనియర్ అన్న ఒకాయన ఒక కన్సల్టెన్సీకి పోయిండు. పైసా ఫీజు లేదు, అంతా ఫ్రీ అన్నరు. అరగంటలో మూడు యూనివర్సిటీల పేర్లు కాగితం మీద రాసిచ్చిన్రు. మూడూ బ్రిటన్‌వే, మూడూ ఎంబీఏనే. నెల తిరక్కముందే ఆఫర్ లెటర్ వచ్చింది. ఆ రోజు మెస్‌లో మేమే స్వీట్లు పంచినం. తర్వాత సీటుకు డిపాజిట్ కట్టమన్నరు. వాళ్ల నాయన ఎడ్లు అమ్మి, సరిపోకపోతే మిత్తికి తెచ్చి కట్టిండు. బ్రిటన్ వీసాకు ఫీజు బాకీ, ఖర్చుల డబ్బు కలిపి అకౌంట్‌లో వరసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. అప్పుకు తెచ్చిన డబ్బు అన్ని రోజులు ఎవరు ఉండనిస్తరు? వీసా రాలేదు. డిపాజిట్‌లో సగం కూడా వాపస్ రాలేదు. అన్న ఇప్పుడు బైక్ మీద పార్శిళ్లు ఇస్తూ ఆ మిత్తి కడుతున్నడు.

పేర్లు రాయం. ఒక్క కన్సల్టెన్సీని తిట్టి ఊరుకుంటే అయిపోయే సంగతి కాదు ఇది.

ఆ తర్వాత మేం నలుగురం కూర్చొని తెలుసుకున్న మొదటి సంగతి, ఫ్రీ అనేది ఎట్ల ఫ్రీ అయితది అని. మనం చేరితే ఆ యూనివర్సిటీ కన్సల్టెన్సీకి కమీషన్ ఇస్తది. కాబట్టి కమీషన్ ఇచ్చేవాటి పేర్లే మనకు వినపడతయి. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల పేర్లు ఆ అన్నకు ఒక్కటి కూడా ఎందుకు చెప్పలేదో మాకు అప్పుడు అర్థమైంది.

రెండోది, ఎంబీఏ అనే మాట. మంచి పేరున్న బిజినెస్ స్కూళ్లు చాలావరకు ఎంబీఏకు కనీసం రెండు మూడేళ్ల ఉద్యోగం అడుగుతయి. డిగ్రీ కాగానే చేరేదాన్ని మాస్టర్స్ ఇన్ మేనేజ్‌మెంట్ అంటరు, అది వేరే కోర్సు. ఒక్క రోజు ఉద్యోగం చెయ్యని బీకాం పిల్లగానికి నెలలో ఎంబీఏ సీటు ఇచ్చే చోటు ఏదైనా ఉంటే, ముందు దాని గుర్తింపు చూడండి. బిజినెస్ స్కూళ్లకు ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, ఆంబా అని మూడు పెద్ద గుర్తింపులున్నయి. ఆ సంస్థల సైట్లలో స్కూలు పేరు కొడితే ఉందో లేదో ఫోన్‌లోనే తెలుస్తది. ఆ అన్నకు వచ్చిన మూడింటిని మేం తర్వాత చూసినం. ఒక్కదానికీ ఏ గుర్తింపూ లేదు. చూసుడు పది నిమిషాల పని. మేం స్వీట్లు పంచకముందు చూడాల్సింది.

ఇప్పుడు డబ్బు. మనకున్న పెద్ద ఆధారం అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైంది, తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 20 లక్షల దాకా ఇస్తరు. ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి, డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి, ఈ-పాస్‌లో దరఖాస్తు పెట్టాలి. మేనేజ్‌మెంట్ కోర్సులకూ వర్తిస్తది. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కూడా ఉంది గానీ, అందులో ఎస్టీలకు దేశం మొత్తానికి ఏడాదికి 20 సీట్లే.

20 లక్షలంటే మా ఇండ్లల్ల ఎవరూ ఎన్నడూ చూడని డబ్బు. బయట దాని బలం ఎంతో చూద్దాం. యూరో వంద రూపాయలకు అటూఇటూ అనుకుంటే 20 వేల యూరోలు. ఫ్రాన్స్‌లో ఇన్సియాడ్ అనే పేరుమోసిన స్కూలు ఉంది, దాని ఎంబీఏ ఫీజు ఒక్కటే లక్ష యూరోలు దాటింది. అంటే మన స్కీము మొత్తం పెట్టినా అక్కడ ఫీజులో ఐదో వంతు. అదే జర్మనీలో మాన్‌హైమ్ యూనివర్సిటీ చూడండి. ప్రభుత్వానిది, పైన చెప్పిన మూడు గుర్తింపులూ ఉన్న బిజినెస్ స్కూలు అక్కడుంది. యూరప్ బయటి నుంచి వచ్చిన విద్యార్థికి ఆ రాష్ట్రంలో ఫీజు సెమిస్టర్‌కు 1,500 యూరోలు, చిల్లర ఖర్చులు వేరు. నాలుగు సెమిస్టర్లకు 6,000. బతకడానికి ఏడాదికి 11,904 యూరోలు లెక్క కడతరు. రెండేళ్లకు అన్నీ కలిపి 30 వేలు. ఏడాదికి 140 రోజులు పూర్తిగా పనిచేసుకునే వీలుంది కాబట్టి మిగిలిన పది వేలు పూడ్చుకోవచ్చు. సీటు సులువుగా రాదు, మార్కులు, జీమ్యాట్ చూస్తరు. కానీ మన డబ్బు సరిపోయే దారి ఇట్లాంటిది. స్కూళ్ల ర్యాంకుల లిస్టు పై నుంచి కిందికి చదివే ముందు ఈ లెక్క వెయ్యండని మేం అనేది.

ఇక్కడే అసలు చిక్కు. జర్మనీ వీసాకు ఆ 11,904 యూరోలు, అంటే దాదాపు 12 లక్షలు, పోకముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వెయ్యాలి. విద్యానిధి మొదటి విడత మాత్రం అక్కడ దిగినట్టు కాగితం చూపినంక వస్తది, అమెరికా అయితే ఐ-94. రెండో విడత మొదటి సెమిస్టర్ రిజల్ట్ చూపినంక. వీసాకు ముందు, డిపాజిట్‌కు ముందు, టికెట్‌కు ముందు పెట్టే డబ్బంతా పిల్లగాని ఇంటి నుంచే రావాలి. 5 లక్షల లోపు ఆదాయం ఉంటేనే అర్హత అని రాసిన ప్రభుత్వమే, ఆ ఇంట్లో 12 లక్షలు సిద్ధంగా ఉంటయని ఎట్ల అనుకుంది?

బ్యాంకు లోన్ తీసుకోవచ్చు కదా అంటరు. ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా ఆస్తి తనఖా అడుగుతరు. మా నాయనలకు ఉన్నది పోడు పట్టా. అటవీ హక్కుల చట్టం ప్రకారం అది వారసులకు వస్తది, అమ్మడానికి, బదిలీ చెయ్యడానికి లేదు. ఏజెన్సీల 1/70 ఉంది. ఆ చట్టాలు తప్పని మేం అనట్లేదు, అవి ఉండబట్టే ఆ నాలుగెకరాలైనా మిగిలినయి. కానీ బ్యాంకు మేనేజర్ టేబుల్ మీద ఆ పట్టాకు విలువ లేదు. వేరే వాళ్లకు ఊర్లో ఇల్లో, ప్లాటో ఉంటది. కాబట్టి దిగినంక డబ్బు ఇచ్చే పద్ధతి అందరికీ ఒకటే అయినా దెబ్బ మనకే ఎక్కువ. ముందు డబ్బు పెట్టగలిగినోళ్ల పిల్లలే ఈ స్కీములో పోగలుగుతరు.

ఆ స్కీముకు పేరున్న మనిషిని తలుచుకోండి. 1913లో బాబాసాహెబ్ కొలంబియా యూనివర్సిటీకి పోయింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో, నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు. ముందు నీ డబ్బుతో పో, న్యూయార్క్‌లో దిగిన కాగితం పంపు, అప్పుడు చూద్దాం అని ఆయనకు చెప్పినట్టు మేమెక్కడా చదవలేదు.

పరీక్షల సంగతి కూడా ఇంతే. జీమ్యాట్‌కు 25 వేల దగ్గర, ఐఈఎల్‌టీఎస్‌కు 18 వేల దగ్గర అయితది. మా మెస్ చార్జీ నెలకు 2,100. అంటే రెండు పరీక్షలు కలిపి మాకు ఇరవై నెలల తిండి. ఒక్క చిన్న మాట: జీమ్యాట్ స్కోరు ఐదేళ్లు నడుస్తది, ఐఈఎల్‌టీఎస్ రెండేళ్లే. కాబట్టి జీమ్యాట్ ముందు, ఐఈఎల్‌టీఎస్ చివర. అప్లికేషన్ ఫీజు మాఫీ చెయ్యమని స్కూలుకు మెయిల్ పెట్టండి, సిగ్గు పడకండి, అడిగితే చేసే స్కూళ్లున్నయి.

వ్యాసం మాత్రం మీరే రాయండి. కన్సల్టెన్సీ రాసిచ్చే వ్యాసంలో అందరికీ చిన్నప్పటి నుంచి బిజినెస్ అంటే ప్రాణం అని ఉంటది. మనకు ఆ అబద్ధం అవసరం లేదు. ఎండాకాలం తునికాకు కోసి, యాభై ఆకులకు ఒక కట్ట కట్టి, కల్లంలో లెక్క అప్పజెప్పినోళ్లం మనం. ధర ఎవరు పెడుతున్నరో తెలియకుండానే పెరిగినం. అరకు కాఫీ 2017లో పారిస్‌లో షాపు తెరిచింది. ఆ గింజ పండించిన ఊరి పిల్లలు ఆ షాపు లెక్కలు చూసే కుర్చీలో ఎందుకు ఉండొద్దు అనే ప్రశ్న చాలు వ్యాసానికి. హాస్టల్‌లో మెస్ కమిటీ నడిపితే అదీ రాయండి. నాయకత్వం అని వాళ్లు అడిగేది దాన్నే.

ఇక మేం చేస్తున్నది. గిరిజన సంక్షేమ శాఖకు ఒక వినతిపత్రం రాస్తున్నం. రెండే అడుగుతున్నం. మొదటి విడతలో సగం, వీసాకు ముందే యూనివర్సిటీకి గానీ బ్లాక్డ్ అకౌంట్‌కు గానీ నేరుగా కట్టాలి. అది కుదరకపోతే, ఎంపికైన పిల్లలకు ఇంత డబ్బు ప్రభుత్వం పూచీ అని ఎంబసీలు ఒప్పుకునే తీరులో ఇంగ్లిష్‌లో ఉత్తరం ఇవ్వాలి. ఎంపికైనోడు పోకపోతే డబ్బు ఏమైతదని అడుగుతరు, తెలుసు. నేరుగా యూనివర్సిటీకి కడితే వాపస్ కూడా నేరుగా తీసుకోవచ్చు, ఆ మాట కూడా పత్రంలో పెట్టినం.

వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి బన్సీలాల్‌పేట్ మెట్లబావి దగ్గర కలుస్తున్నం. సిటీలో ఉన్నోళ్లు రండి. ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం వైపు ఉన్నోళ్లు మీ పేరు, కాలేజీ, కోర్సు కామెంట్‌లో పెట్టండి, సంతకాల కాగితం పంపుతం. సోమవారం మాసబ్ ట్యాంక్ సంక్షేమ భవన్‌లో ఇస్తం. విద్యానిధితో ఇప్పటికే పోయిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే, ఆ ముందు డబ్బు మీరు ఎట్ల తెచ్చిన్రో రాయండి. అది కూడా పత్రానికి జత చేస్తం.