గుంటకూ సెంటుకూ మధ్య వర్గమూలం

"లెక్కలు తెలుగులో చదివితే పైక్లాసుల్లో పనికొస్తాయా మాస్టారూ?" ప్రతి జూన్‌లోనూ తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది. ఈ సందేహంతోనే కొందరు పిల్లల్ని తెలుగు సెక్షన్ మాన్పిస్తున్నారు. హోసూరు ప్రాంతంలో లెక్కలు చెప్పేవాడిగా నా జవాబు ఒకటే: పనికొస్తాయి. కాకపోతే సూత్రం వల్లె వేయించి వదిలేస్తే ఏ భాషలో చెప్పినా పనికిరావు.

ఈమధ్య ఎనిమిదో తరగతిలో ఒక ప్రశ్న వేశాను. "కర్ణాటక వైపు గుంట అంటే 33 అడుగుల చదరం. భుజం రెట్టింపు చేస్తే ఎన్ని గుంటలవుతుంది?" సగానికి పైగా "రెండు" అన్నారు. భుజం వర్గమే వైశాల్యమని వాళ్లందరికీ నోటికి వచ్చు. ఆవరణలోకి తీసుకెళ్లి, సుద్దతో మీటరు చదరం, దాన్ని కలుపుకొని రెండు మీటర్ల చదరం గీయించాను. పెద్దదాంట్లో చిన్నవి నాలుగు పట్టాయి. ఆ తర్వాత నేను చెప్పాల్సింది లేకపోయింది.

66 అడుగుల వర్గం 4,356 చదరపు అడుగులు. అది కర్ణాటక లెక్కలో నాలుగు గుంటలు, మా తమిళనాడు లెక్కలో సరిగ్గా పది సెంట్లు. మరి ఒక్క సెంటు చదరం భుజం 6.6 అడుగులా? కాదు. సెంటు 435.6 చదరపు అడుగులు. 20 వర్గం 400, 21 వర్గం 441. అంటే భుజం 21 అడుగులకు కాస్త తక్కువ. వర్గమూలం ఎందుకో పిల్లవాడికి ఇక్కడే తెలుస్తుంది. మహారాష్ట్రలోనూ ఎకరానికి 40 గుంటలే. ఒడిశాలో మాత్రం ఎకరానికి 25 గుంఠాలు. బరంపురం బడిలో ఆ కొలతతోనే చెప్పాలి.

పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇంకొకటుంది. రెండు సంఖ్యల మొత్తాన్ని వర్గం చేయమంటే, విడివిడిగా వర్గాలు చేసి కలిపేస్తారు. 33 అడుగుల చదరాన్ని రెండు పక్కల మూడేసి అడుగులు పెంచామనుకోండి. 36 వర్గం 1,296. పిల్లల పద్ధతిలో 1,089కి 9 కలిపితే 1,098. తగ్గిన 198 చదరపు అడుగులు ఎక్కడ? పక్కనున్న రెండు 33×3 పట్టీల్లో. పరీక్షలో పోయేవి రెండు మార్కులే. స్థలం కొనేచోట అయితే పోయేది దాదాపు అర సెంటు.

ఇక మాటల సంగతి. వర్గం, వర్గమూలం అనేవి మనకొక్కరికే ఉన్న మాటలు కావు. కన్నడ, మరాఠీ, ఒడియా, తమిళ బడుల్లోనూ ఇవే మాటలు, పలుకుబడిలోనే కొద్ది తేడా. రాష్ట్రకూటుల కాలంలో కన్నడ దేశంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో లెక్కలు చెప్పడం నిన్న మొన్న పుట్టిన పని కాదు.

తల్లిదండ్రుల భయాన్ని తీసిపారేయలేను. ప్లస్ వన్‌లో ఇంగ్లిషు ప్రశ్నపత్రం చూసి తడబడిన మా పిల్లలున్నారు. వాళ్లలో చాలామందికి లెక్క వచ్చు, ఆ మాట తెలియదు. అందుకే ఆరో తరగతి నుంచే బోర్డు మీద ఘాతాంకం పక్కన ఎక్స్‌పోనెంట్, వర్గమూలం పక్కన స్క్వేర్ రూట్, వైశాల్యం పక్కన ఏరియా రాయాలి, పిల్లల చేత రాయించాలి. వివరణ మాత్రం ఇంటి భాషలోనే సాగాలి. ఇది ఉపాధ్యాయులుగా మన బాధ్యత.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఈ ఆదివారం టేపు పట్టుకుని పిల్లలతో మీ పెరడో, వాకిలో కొలిపించండి. ఎన్ని చదరపు అడుగులో, అంతే వైశాల్యమున్న చదరానికి భుజం ఎంతో అడగండి. వాళ్లు ఏ భాషలో ఆలోచించి జవాబు చెబుతున్నారో గమనించండి. సెక్షన్ మార్చాలా వద్దా అన్నది ఆ తర్వాత నిర్ణయించుకోవచ్చు.