ఎండిన కుళాయి పెంచిన దోమ

వానలు మొదలైన కొద్ది రోజులకే మార్కాపురం, గిద్దలూరు, కంభం, పొదిలి పట్టణాల్లో జ్వరాల కాలం వస్తుంది. ఇంటికొక మంచం పడుతుంది. దాని వెంటే ఒక నింద కూడా వస్తుంది: “మీ మొహల్లాలే అలా ఉంటాయి, మీవాళ్లకు శుభ్రత తక్కువ.” ఈ మాటను మేము టీకొట్టు దగ్గర విన్నాం. ఈ ప్రాంతంలోనే ఒక కార్యాలయంలో అర్జీ పట్టుకుని నిలబడినప్పుడు బల్లకు అవతలి నుంచి కూడా విన్నాం. బల్లకు ఆ వైపున ఏళ్ల తరబడి గుమాస్తాగిరీ చేసినవాళ్లం కనుక ఆ మాట ఎందుకు పుడుతుందో మాకు తెలుసు. తప్పును అర్జీదారు మీదికి తోస్తే ఫైలు మూసేయవచ్చు. ఈ ఫైలును మూయనివ్వకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు దోమ సంగతి. డెంగీనీ చికున్‌గున్యానూ మోసుకొచ్చేది కాళ్ల మీద తెల్లని చారలుండే ఏడిస్ ఈజిప్టి దోమ. ఇది పగటిపూట కుడుతుంది. అంటే ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లూ పసిపిల్లలూ దీనికి ముందు దొరుకుతారు. మురుగు కాలువ కన్నా మంచినీటినే ఇది ఎక్కువగా కోరుకుంటుంది. డ్రమ్ములో, సిమెంటు తొట్టిలో, కూలర్‌లో, పాత టైరులో నిలిచిన నీటి అంచున గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు. నీరు ఎండినా గుడ్లు నెలల తరబడి తొట్టి గోడను అంటిపెట్టుకుని ఉండి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. కాబట్టి డెంగీ వచ్చిన ఇల్లు మురికి ఇల్లే కానక్కరలేదు. చాలాసార్లు అది నీళ్లు దాచుకున్న ఇల్లు.

నీళ్లెందుకు దాచుకుంటారని పశ్చిమ ప్రకాశంలో ఎవరైనా అడుగుతారా? ఇక్కడ బోరు వేస్తే ఫ్లోరైడు, వేసవి వస్తే ట్యాంకరు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీటి కోసం ఎదురుచూస్తూ ఒక తరమే ముసలిదైపోయింది. కుళాయి ఏ రోజు వస్తుందో తెలియని ఇల్లాలు, వచ్చిన రోజున ఇంట్లో ఉన్న ప్రతి పాత్రనూ నింపుకుంటుంది. పలకల పనికో మేస్త్రీ పనికో పోయే కుటుంబానికి మేడ మీద మూత ట్యాంకు ఉండదు. గుమ్మం పక్కన నీలిరంగు డ్రమ్ము, దాని మీద ఒక చెక్కముక్క, అంతే. ప్రభుత్వం శుక్రవారం ‘డ్రై డే’ పాటించి, డ్రమ్ములు ఒలకబోసి తోమి ఆరబెట్టమంటుంది. సలహా మంచిదే. కానీ మళ్లీ ఎప్పుడు నిండుతుందో తెలియని డ్రమ్మును ఏ తల్లి ఒలకబోస్తుంది? కుళాయి రాని వీధిలో ప్రతి రోజూ డ్రై డేనే కదా!

చట్టం ఏమంటుందో చూద్దాం. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పన్నెండో షెడ్యూలులో ఇంటి అవసరాలకు నీటి సరఫరా, ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం పట్టణ సంస్థల పనులుగా రాసి ఉన్నాయి. అంతకు ముందే, 1980లో, మధ్యప్రదేశ్‌లోని రత్లాం పౌరులు కాలువల కంపు మీద నడిపిన కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. డబ్బు లేదన్న సాకుతో మున్సిపాలిటీ తన బాధ్యతను తప్పించుకోజాలదన్నది దాని సారం. ముస్లింలు గుంపుగా నివసించే ప్రాంతాలు పురపాలక నిర్లక్ష్యానికి సులువుగా గురవుతున్నాయని 2006లో సచార్ కమిటీ నివేదిక కూడా గుర్తించింది. మేము అడుగుతున్నది దయ కాదు, కాగితం మీద ఉన్న హక్కు.

దానికి బదులు మాకు దక్కేది పొగ. కేసులు బయటపడ్డాక ఒక సాయంత్రం యంత్రం వస్తుంది, పిల్లలు వెనక పరుగెడతారు, ఫొటో దిగుతారు. ఆ పొగకు ఆ క్షణాన ఎగురుతున్న దోమలు కొన్ని చస్తాయి. తొట్టిలోని పురుగుకు ఏమీ కాదు. వారం తిరిగేసరికి కొత్త దోమ సిద్ధం.

ఇక మన తప్పులు. వాటిని దాచితే మన అర్జీకి విలువ ఉండదు. పరిశుభ్రత ఈమాన్‌లో భాగమని ఖుత్బాలో వింటాం. బయటికొస్తే మసీదు హౌజులో వారాల నాటి నీరు కనిపిస్తుంది. అందులో గంబూసియా చేపలు వదలడానికి ఎంత ఖర్చవుతుంది? పంచరు షాపులూ పాత సామాను కొట్లూ మనవాళ్లకు అన్నం పెడుతున్నాయి, నిజమే. వాటి ముందు వానకు తడిసే టైర్లే మన పిల్లలకు జ్వరం తెస్తున్నాయి. వాటిని కప్పడానికి ఒక పట్టా చాలు. డ్రమ్ముకు పాత చున్నీ బిగించి కడితే దోమ లోపలికి పోదు. డ్రమ్ము అడుగంటిన రోజున లోపలి గోడను పీచుతో గట్టిగా తోమితే గుడ్లు రాలిపోతాయి. శుక్రవారం మనకు జుమా. ఆ రోజు స్నానం చేసి మంచి బట్టలు కట్టుకునే మనం, అదే పూట తొట్టినీ చూసుకోలేమా?

2006లో దేశమంతటా 13 లక్షలకు పైగా చికున్‌గున్యా అనుమానిత కేసులు నమోదైన సంగతి మరిచిపోరాదు. ఆ ఏడాది కీళ్లు పట్టేసి, సజ్దాకు వంగలేక, కుర్చీలో కూర్చుని నమాజు చదివిన పెద్దలను మేము చూశాం. డెంగీ అంతకన్నా ప్రమాదకరం. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే రోజే అసలు గండం. తీవ్రమైన కడుపు నొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం, మగత కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా మింగరాదు.

ప్రతి మొహల్లా నుంచీ ఒక అర్జీ వెళ్లాలని మా కోరిక. అందులో మూడే మూడు అడగండి. కుళాయి వచ్చే రోజూ వేళా ముందే ప్రకటించి, ఆ మాట నిలబెట్టుకోవాలి. పేద ఇళ్లకు మూతలున్న నీటి తొట్లు ఇవ్వాలి. వానాకాలమంతా వారం వారం ఇంటింటికీ వచ్చి నీటిలోని పురుగును చంపే మందు వేయాలి. అర్జీ ఇచ్చి తేదీ, ముద్రతో రసీదు తీసుకోండి. జవాబు రాకుంటే సమాచార హక్కు చట్టం కింద మళ్లీ అడగండి. రసీదు లేని అర్జీ చెత్తబుట్టకు పోతుంది. ఇది మేము బల్లకు అవతల కూర్చుని నేర్చుకున్న పాఠం.